ఆత్మస్తుతి – ఇస్లామీయ చింతన

పదవి కోరి, తన యోగ్యతను తానే చెప్పుకొన్న వ్యక్తిని ధర్మశాస్త్రం ఏమనాలి? ఖుర్‌ఆన్ 12వ అధ్యాయంలో ఈ ప్రశ్న యూసుఫ్ ప్రవక్త కథగా ఎదురవుతుంది. చెరసాల నుంచి బయటికి వచ్చిన యూసుఫ్, ఈజిప్టు రాజు ఎదుట నిలిచి దేశంలోని ధాన్యాగారాలను తనకు అప్పగించమంటాడు. వాటిని కాపాడగలననీ, ఆ పని తెలిసినవాడిననీ చెబుతాడు. అదే గ్రంథం 53వ అధ్యాయంలో మనుష్యులు తమ పవిత్రతను తామే చాటుకోరాదని శాసిస్తుంది. ఈ రెండింటికీ సమన్వయం వెతకడం వ్యాఖ్యాతలకు తప్పలేదు.

13వ శతాబ్దికి చెందిన ఖుర్తుబీ వ్యాఖ్య ఇందులో ప్రత్యేకంగా గమనింపదగినది. యూసుఫ్ తన వంశగౌరవాన్ని గాని, లోకప్రసిద్ధమైన తన సౌందర్యాన్ని గాని పేర్కొనలేదు. చేపట్టబోయే పనికి కావలసిన రెండు గుణాలనే చెప్పాడు. ఏడేళ్ల కరవు రానున్నది. అటువంటి వేళ సమర్థుడు వినయం పేరిట మౌనం వహిస్తే, ఆకలితో మాడేది అతడు కాదు, ప్రజలు. ఉద్యోగానికి దరఖాస్తు రాసిన ప్రతివారికీ ఈ సంకటం కొంతైనా పరిచితమే.

అయితే వాక్యం ఒకటే అయినా దానిని పలికించే మనస్సు ఒకటే కాకపోవచ్చు. ఈ లోపలి భేదాన్ని అతి సూక్ష్మంగా విశ్లేషించినవాడు అల్ గజాలీ (1058–1111). తెలుగులో ఆత్మస్తుతి, పరనింద అనే మాటలు తరచు జంటగానే వినబడతాయి. గజాలీ అటువంటి జంటను విడదీశాడు. 'కిబ్ర్' అనే అహంకారానికి తనకంటె తక్కువవాడని చూపడానికి మరొకడు కావాలి. 'ఉజ్బ్' అనే స్వాతిశయానికి ఎవరూ అక్కరలేదు. లోకంలో ఒంటరిగా పుట్టినవాడికి సైతం అది కలుగుతుంది. తనలోని విద్యనో భక్తినో గొప్పగా తలచి, అది దైవం ఇచ్చినదన్న సంగతి మరచిపోవడమే దాని లక్షణం. కాబట్టి నోరు మెదపనివాడు కూడా లోలోపల తన్ను తాను పొగడుకొంటూ ఉండవచ్చు.

ఈ దోషానికి విరుగుడు వెతికినవారు గజాలీకి పూర్వమే ఉన్నారు. 9వ శతాబ్దిలో నిషాపూరులో బయలుదేరిన 'మలామతీ' సాధకులు తమ సత్కార్యాలను దాచిపెట్టి, లోకనిందనే మేలుగా ఎంచారు. లాహోరులో సమాధి అయిన 11వ శతాబ్దపు సూఫీ హుజ్వీరీ ఈ మార్గాన్ని గురించి రాస్తూ గట్టి ఆక్షేపణ ఒకటి చేశాడు: మెప్పు కోరేవాడి చూపూ, కోరి నింద తెచ్చుకొనేవాడి చూపూ జనంమీదే ఉన్నది. ఆత్మనింద కూడా ఆత్మస్తుతికి మారువేషం కావచ్చునన్నమాట.

గజాలీ విశ్లేషణకు బరువు చేకూర్చినది ఆయన జీవితమే. 1091లో ఆయన బాగ్దాదులోని నిజామియా విద్యాలయంలో ఆచార్యపీఠం అధిష్ఠించాడు. తాను బోధించేది దైవంకోసమా, కీర్తికోసమా అని ప్రశ్నించుకొని, కీర్తికోసమేనని తేల్చుకొన్నట్లు ఆత్మకథలో రాశాడు. వదలలేక, ఉండలేక సుమారు ఆరు నెలలు ఊగిసలాడాడు. చివరకు పాఠం చెప్పబోతే నోట మాట రాలేదు. 1095లో పీఠం విడిచి వెళ్లిపోయాడు.

1106లో నిషాపూరులో తిరిగి బోధనకు పూనుకొన్నాడు. అందుకు ఆయన చూపిన కారణాలలో, ప్రతి శతాబ్ది ఆరంభంలో దైవం ధర్మాన్ని పునరుద్ధరింపజేస్తాడన్న సంప్రదాయ విశ్వాసం ఒకటి. హిజ్రీ శకంలో కొత్త శతాబ్ది అప్పుడు సమీపిస్తున్నది. ఆ పునరుద్ధారకుడు తానేనని ఆయన నోరారా చెప్పలేదు. చదువరికి మాత్రం ఆ సూచన అందకపోదు. ఇది యూసుఫ్ పలికిన మాటవంటిదా, లేక తాను నిర్వచించిన ఉజ్బ్ తనలోనే మరో రూపంలో తలెత్తినదా? పూర్వం కీర్తి తెచ్చే విద్యను బోధించాననీ, ఇప్పుడు కీర్తిని విడువజేసే విద్యను బోధిస్తున్నాననీ గజాలీ చెప్పుకొన్నాడు. తాను గమ్యం చేరతాడో, మధ్యలోనే ఆగిపోతాడో తనకు తెలియదని కూడా అదేచోట రాసుకొన్నాడు.