మారా తరువాత ఏలీము

ధ్యానభాగము: నిర్గమకాండము 15:22–27, 1 కొరింథీయులకు 10:13



మన శరీరములో రాత్రింబవళ్లు విశ్రాంతి లేక పనిచేయు అవయవము గుండె. దానికి ప్రాణవాయువును మోసికొనివచ్చునది రక్తము. ఆ రక్తపు దారి మూసికొనిపోయినయెడల గుండె కండరము కొంతసేపు ఓర్చుకొని, పిదప చచ్చుట ఆరంభించును. ఇదియే గుండెపోటు. ప్రాణవాయువు కొరత గుండెకు కీడని అందరును ఎరుగుదురు. అయినను 1986వ సంవత్సరమున అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చెందిన మర్రీ, జెన్నింగ్స్, రైమర్ అను పరిశోధకులు తెలిపిన సంగతి వైద్యులను ఆశ్చర్యపరచెను.

వారు కొన్ని కుక్కల గుండెకు పోవు ఒక రక్తనాళమును 40 నిమిషములు మూసియుంచిరి. మరికొన్నిటికి ముందుగా 5 నిమిషములు మూసి, 5 నిమిషములు విడిచి, ఈలాగు 4 మారులు చేసి, అటుతరువాతనే 40 నిమిషములు మూసిరి. రెండవ గుంపు గుండెలు ఎక్కువ బాధ పడినవి గనుక ఎక్కువ చెడిపోవునని మనము తలంతుము. జరిగినది వేరు. మొదటి గుంపులో చచ్చిన కండరముతో పోల్చి చూడగా, రెండవ గుంపులో చచ్చినది నాలుగవ వంతు మాత్రమే. కొద్దిపాటి కొరతను ముందే ఎరిగిన గుండె తనలోని శక్తిని మెల్లగా ఖర్చుచేసికొనెను.

ఇశ్రాయేలీయులు సముద్రము దాటిన వెంటనే ఏమి జరిగెను? మూడు దినములు నీళ్లు లేవు. మారాలో దొరికిన నీళ్లు చేదు. వారు సణిగిరి. దేవుడు ఆ నీటిని మధురము చేసెను. పిమ్మట వారిని ఏలీమునకు తెచ్చెను. అచ్చట 12 నీటి బుగ్గలు, 70 ఈతచెట్లు ఉండెను. ముందున్న అరణ్యము బహు దీర్ఘమైనది. దానికి ముందు చిన్న దప్పికయు, దాని వెంట విశ్రాంతియు వారికి కలిగెను.

ఆ పరిశోధనలో మనము మరువరాని మాట ‘విడుచుట’. నాలుగు మారుల మూతను కలిపి ఎడతెగక 20 నిమిషములు బిగించియుంచిన అది కాపుదల కాదు, గాయమునకే ఆరంభము. నడుమ రక్తము మరల ప్రవహించెను గనుకనే గుండె బలపడెను. శోధన మన శక్తిని మించకుండ దేవుడు చూచుననియు, బయటపడు దారికూడ ఆయనే సిద్ధపరచుననియు పౌలు కొరింథు సంఘమునకు వ్రాసినది ఇందునుగూర్చియే గదా.

మరియొక సంగతి. అదే పరిశోధకులు మూడు గంటలు మూసియుంచి చూచినప్పుడు, ముందుగా సిద్ధపడిన గుండెకును సిద్ధపడని గుండెకును భేదము కనబడలేదు. సిద్ధపాటు కొంత గడువు ఇచ్చును గాని రక్తము లేకుండ బ్రదికింపజాలదు. ఆ గడువైనను ఒకటి రెండు గంటలలో తరిగిపోవును. దాదాపు ఒక దినమైన పిమ్మట కొంత తక్కువ బలముతో మరల కనబడి, మూడు దినముల వరకు నిలుచును. ఏలీము విడిచిన ప్రజలకు మన్నా ఏ దినమునకు ఆ దినము కావలసివచ్చెను. నిన్నటి శ్రమలో నేర్చిన ఓర్పును నమ్ముకొని నేటి ప్రార్థనను మానువాడు ఎంతకాలము నిలుచును?

ఇప్పుడు మన సంఘములను చూచుకొందము. భర్తను పోగొట్టుకొని అప్పులలో చిక్కిన సహోదరి యింటికి పోయి, “దేవుడు నిన్ను పరీక్షించుచున్నాడమ్మా, ఓర్చుకో” అని చెప్పి, ప్రార్థనచేసి తిరిగి వచ్చుచున్నాము. ఆమె బియ్యపు కుండలో ఏమున్నదో అడుగుచున్నామా? ఆమె మెడమీది బిగింపు ఒక దినమైనను సడలినదా? విడుదల లేని శ్రమను దీవెన అని పిలుచుటకు మనకు అధికారము లేదు. ఇంటిలో భార్యను, బిడ్డలను, పనివారిని బాధపెట్టుచు, అది వారి మేలుకే అనువాడు మరి గొప్ప పాపము చేయుచున్నాడు. చేతికి పట్టీ బిగించి విడుచుచు గుండెను కాపాడవచ్చునని వైద్యులు ఆశించిరి. అయితే 2015లో వెలువడిన రెండు పెద్ద పరిశోధనలలో గుండె శస్త్రచికిత్స పొందినవారికి ఆశించిన మేలు కలుగలేదు. నిపుణుల చేతికే చిక్కని కొలత మన చేతిలో నున్నదని అనుకొనవచ్చునా?

ఒక హెచ్చరిక కూడ చెప్పవలెను. రొమ్ములో నొప్పి వచ్చినవారు అది విశ్వాసపరీక్ష అనుకొని ఇంట కూర్చుండరాదు. వెంటనే ఆస్పత్రికి పోవలెను, దారిలో ప్రార్థింపవచ్చును. మూసికొనిన దారిని త్వరగా తెరచుటయే ప్రాణరక్షణ.

కావున ఈ మాసములో, చాలకాలముగా మారాలోనే నిలిచియున్న ఒక కుటుంబమును మనలో ప్రతివారును వెదకుదము. కొంత బియ్యమో, వడ్డీకి చేయూతయో, రోగి యొద్ద ఒక రాత్రి మెలకువయో, మనకు శక్తియున్నంత ఇత్తము.

ప్రార్థన: దయగల తండ్రీ, మా శ్రమల కొలత నీకే తెలియును. మాకు ఊపిరి తిరుగు సమయమును దయచేయుము. ఊపిరాడని మా పొరుగువారికి మమ్మును ఏలీముగా చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.