వైద్యం ఎవరికి?

బడికెళ్లే పిల్లాడు ముభావంగా ఉంటే, అన్నం ముట్టకపోతే, బడికి పోనని మొండికేస్తే 'వీడికేమైంది?' అంటారు. 'వీణ్ణి ఎవరేమన్నారు?' అని అడగరు. ఆ అడగకపోవడం గురించే మా ప్రశ్న. గాయపడ్డవాణ్ణి సర్దుకుపొమ్మనడం వైద్యమవుతుందా?

మా పిల్లలకు హాజరు పట్టీలో ఒక పేరుంటుంది, ఇంటర్వెల్లో ఇంకో పేరుంటుంది. తురకోడు. సాయిబు. క్రికెట్ మ్యాచ్ రోజున పాకిస్తాన్. ఇంటికొచ్చి చెబితే అమ్మీ 'సబర్ చెయ్ బేటా' అంటుంది. ఆ మాటలో ప్రేమ ఉంది, టీసీ ఇచ్చి పంపేస్తారేమోనన్న భయమూ ఉంది. బళ్లో చెబితే సారు 'అవన్నీ పట్టించుకోకు, చదువుకో' అంటాడు. ఇద్దరూ మారమనేది పిల్లాణ్ణే. సబర్ అంటే కష్టంలో నిలబడటం. అవమానాన్ని మింగడానికి ఆ పేరు పెట్టకూడదు.

2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక టీచరు ఏడేళ్ల ముస్లిం పిల్లాణ్ణి తోటి పిల్లల చేత వంతులవారీగా చెంపల మీద కొట్టించింది. ఆ వీడియో దేశమంతా చూసింది. ఆ కేసులో సుప్రీంకోర్టు దెబ్బలు తిన్న పిల్లాడితో పాటు కొట్టిన పిల్లలకూ కౌన్సెలింగ్ ఇప్పించమని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. మాకు ఈ మాట ముఖ్యం. ఆ కొట్టిన చేతులూ పసివే. నొప్పి ఒకడిది, జబ్బు తరగతి మొత్తానిది.

అలాగని ప్రతి కన్నీటినీ మతం ఖాతాలో రాయడమూ అన్యాయమే. మా పిల్లలకూ మార్కుల భయముంది, ఇంటి తగాదాలున్నాయి, కారణం తెలియని దిగులుంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ దుఃఖానికి మతం లేదు. దిగులుపడ్డ పిల్లాణ్ణి 'ముస్లిం సమస్య'గా మాత్రమే చూస్తే వాడు ఇంకోసారి ఒంటరివాడవుతాడు. షైతాన్ పనని తావీజు కట్టి ఊరుకున్నా అంతే. దర్గాకు తీసుకెళ్లిన చెయ్యే డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లాలి. దువాకు మందు అడ్డం రాదు. 14416కు ఫోను చేస్తే టెలిమానస్‌లో పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉంటూ 2023లో చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమంది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలంది. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడదీయొద్దంది, అందరి ముందూ అవమానించొద్దంది.

కౌన్సెలర్ రావాలి. మేమూ అడుగుతున్నాం. కాని పిల్లాడు ఆ గదిలో మనసు విప్పి తిరిగొచ్చేది అదే బెంచీకి, అదే వెక్కిరింపు పేరుకి. విన్నవాళ్లు ఆ బెంచీ దగ్గరికి కూడా నడవాలి. పేరు పెట్టి వెక్కిరించినవాళ్లతో మాట్లాడాలి, చూసి నవ్వి ఊరుకున్న సారుతోనూ మాట్లాడాలి. అది చెయ్యని చోట ఓదార్పు కూడా నోరు మూయించడమే అవుతుంది.