పరమాణు పాఠము – అరుంధతీ న్యాయము

విజయవాడలోని ఒక ఉన్నత పాఠశాలలో పరమాణువును గూర్చి చెప్పు ఉపాధ్యాయుడు నల్లబల్లపై నడుమ ఒక చుక్కను పెట్టి, దాని చుట్టును వలయములు గీయును. చుక్క కేంద్రకము, వలయములు కక్ష్యలు, సూర్యుని చుట్టును గ్రహములవలె ఎలక్ట్రానులు వానియందు తిరుగుచున్నవని బోధించును. ఆ బాలుడే ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రమును తెరచునప్పటికి, ఎలక్ట్రానుకు అట్టి నియత మార్గమే లేదనియు, అది ఎచ్చట కనబడుటకు ఎంత అవకాశము కలదో మాత్రమే చెప్పవచ్చుననియు చదువును. అట్లయిన మొదటి గురువు అసత్యము పలికెనా? సత్యమునే పలుకుమని శిష్యుని శాసించిన తైత్తిరీయ శ్రుతిని ఆదరించు గృహములలో ఈ ప్రశ్న తేలికగా విడువదగినది కాదు.

ఆ వలయములు ఊరక పుట్టినవి కావు. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రానును కనుగొనెను. 1911లో రూథర్‌ఫర్డ్ పరమాణు భారము దాదాపు అంతయు మిక్కిలి చిన్నదియగు కేంద్రకమున ఇమిడియున్నదని తేల్చెను. అయితే తిరుగుచున్న ఎలక్ట్రాను తన శక్తిని కాంతిగా కోల్పోయి రెప్పపాటులోననే కేంద్రకమున పడిపోవలెను గదా! ఈ చిక్కును తీర్చుటకే 1913లో నీల్స్ బోర్ కొన్ని కక్ష్యలు మాత్రమే సాధ్యములని ప్రతిపాదించెను. హైడ్రోజను కాంతిలోని రేఖలు ఆ లెక్కకు చక్కగా సరిపోయినవి. రెండు ఎలక్ట్రానులు గల హీలియమునకు మాత్రము లెక్క కుదరలేదు. 1926లో ష్రోడింగర్ తరంగ సమీకరణమును, 1927లో హైసెన్‌బర్గ్ అనిశ్చితత్వ నియమమును వెలువరింపగా కక్ష్య స్థానమున ఆర్బిటాల్ నిలిచినది. ఎలక్ట్రానును కణముగా చూపిన థామ్సన్ 1906లో నోబెల్ బహుమానము పొందెను. అదియే తరంగమువలెను ప్రవర్తించునని చూపి ఆయన కుమారుడు జి.పి. థామ్సన్ 1937లో ఆ బహుమానమునే పొందెను. తండ్రి అబద్ధమాడెనని దీనికి అర్థము కాదు.

కృష్ణాతీరవాసులకు ఇది పరాయి కథయు కాదు. శోభనాచలస్వామి వెలసిన ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతము, 1931లో సి.వి. రామన్‌తో కలసి, కాంతికణమునకు భ్రమణగుణము కలదని ప్రయోగముచే చూపెను. తరంగమని పాఠములలో చదివిన కాంతినే ఆయన కణముగా పరీక్షించెను.

వివాహవేళ పురోహితుడు వధూవరులకు అరుంధతిని చూపును. ముహూర్తము మిట్టమధ్యాహ్నమైనను వ్రేలు ఆకాశమువైపు చూపుట మానరు. అది వేరు మాట. అరుంధతి సూక్ష్మతార. కావున మొదట ప్రక్కనున్న పెద్ద చుక్కను చూపి, దృష్టి అచ్చట నిలిచిన పిమ్మట, ఇది కాదు, దీని చెంతనున్న సన్నని చుక్కయని చెప్పుట పద్ధతి. స్థూలారుంధతీ న్యాయమని శాస్త్రకారులు దీనిని వ్యవహరింతురు. మొదటి మాటను అసత్యదోషమునుండి కాపాడునది రెండవ మాటయే. ఇది కాదనక ఇంటికి పంపిన పురోహితుడు మోసగించినవాడే యగును.

శిష్యుడే రెండవ మాటకై నిలువనిచో? ఛాందోగ్యమున ఇంద్ర విరోచనులు ప్రజాపతి చెంత 32 సంవత్సరములు బ్రహ్మచర్యము సలిపి, నీటిపాత్రలో తమ ప్రతిబింబమును చూచి, అదియే ఆత్మయని తృప్తితో మరలిరి. విరోచనుడు దేహమే ఆత్మయని అసురులకు బోధించెను. ఇంద్రుడు దారిలోనే శంకించెను: దేహము గ్రుడ్డిదైనచో ఈ నీడయు గ్రుడ్డిదగును గదా! సమిధలు చేతబట్టి మరల మరల వచ్చి, మొత్తము 101 సంవత్సరములకు ఉపదేశమును పూర్తిగా పొందెను. ఆత్మను ఎరుగకయే పోవుచున్నారని ప్రజాపతి గ్రహించియు వారిని వెనుకకు పిలువలేదు. అంత ఓపికకు నాడు చోటుండెను. 180 నిమిషములలో 160 ప్రశ్నలకు జవాబు గుర్తింపవలసిన ప్రవేశపరీక్షకు సిద్ధమగు బాలునకు దారిలో ఆగి శంకించుటకు తీరిక ఏది? కావున ప్రజాపతివలె ఊరకుండుట నేటి ఉపాధ్యాయునకు చెల్లదు. వలయములు గీసిన నాడే, ఇది మెట్టు మాత్రమేయని చెప్పవలెను.

ఇదంతయు కణాదమహర్షికి ముందే తెలియునని బాలురకు చెప్పువారును కలరు. కణాదుని పరమాణువు నిత్యము, నిరవయవము; ఈ పరమాణువు అవయవములు కలది, పగులునది. నామసామ్యమే గాని వస్తుసామ్యము లేదు. పైగా ఆ పరమాణుకారణవాదమును బ్రహ్మసూత్రములే నిరాకరించినవి. భగవద్రామానుజులు శ్రీభాష్యమున ఆ నిరాకరణమునే వివరించిరి.

బెజవాడ ఎండలలో తరగతిగదిలోని పంకాను చూపి, రెక్క అంతటను నిండినట్లు కనబడుచున్నది గదా, ఎలక్ట్రాను మేఘమును అట్టిదేయని చెప్పుట కలదు. మంచి ఉపమానమే. కాని రెక్క ప్రతిక్షణము ఏదో ఒకచోట ఉండనే యున్నది. ఎలక్ట్రానును గూర్చి అట్లు చెప్ప వీలులేదు. ఈ భేదమును గూడ చెప్పుటకు ఉపాధ్యాయునకు ఇంకొక అయిదు నిమిషములు పట్టును.