పేరుపెట్టి చెప్పే కృతజ్ఞత

ఏథెన్సు నుంచి కొరింథు చేరేనాటికి అపొస్తలుడైన పౌలు బాగా నలిగిపోయి ఉన్నాడు. ఫిలిప్పీలో బెత్తాల దెబ్బలు తిన్నాడు. థెస్సలొనీకలో అల్లరిమూక వెంటపడింది. ఏథెన్సులో కొందరు వెక్కిరించారు. సీల, తిమోతి ఇంకా వచ్చి కలవలేదు. బలహీనతతో, భయంతో, వణుకుతో మీ మధ్యకు వచ్చానని కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఆయనే చెప్పుకున్నాడు.

భయపడవద్దని ప్రభువు దర్శనంలో ధైర్యం చెప్పింది ఆ తర్వాత. అంతకంటే ముందు ఆయనకు దొరికింది ఒక పనిచోటు, ఇద్దరు తోటి పనివాళ్లు. అకుల, ప్రిస్కిల్ల దంపతులు గుడారాలు కుట్టి బతికేవాళ్లు. యూదులంతా రోమా విడిచి వెళ్లాలని క్రీ.శ. 49 ప్రాంతంలో క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞ ఇస్తే, ఉన్న ఊరు వదిలి కొరింథుకు వచ్చారు. తామే కొత్త ఊళ్లో నిలదొక్కుకోవాల్సిన స్థితి. అయినా పౌలును ఇంట్లో పెట్టుకున్నారు. ఆయనకూ అదే వృత్తి తెలుసు కాబట్టి ముగ్గురూ కలిసి పనిచేశారు.

ఆ పరిచయం పనితోనే ఆగలేదు. వాళ్లు తన ప్రాణం కోసం తమ ప్రాణాలకు తెగించారని రోమీయులకు రాసిన పత్రిక 16వ అధ్యాయంలో పౌలు రాశాడు. తానొక్కడే కాదు, అన్యజనుల సంఘాలన్నీ వాళ్లకు కృతజ్ఞతతో ఉన్నాయన్నాడు. పేర్ల జాబితాయే కదా అని ఆ అధ్యాయాన్ని మనం గబగబా దాటేస్తాం. కానీ అక్కడ చాలా పేర్ల పక్కన ఒక మేలు ఉంది. అనేకులకూ తనకూ సహాయం చేసిన ఫీబే, సంఘం కోసం ఎంతో కష్టపడిన మరియ, తనకూ తల్లిలాంటిదైన రూఫు తల్లి. చివరికి, పౌలు చెబుతుంటే పత్రిక రాసిపెట్టిన తెర్తియు కూడా తన పేరుతో వందనం చేర్చుకున్నాడు. రాసేవాడికీ చోటిచ్చిన మనసు అది.

మన సాక్ష్యాలు ఎలా ఉంటున్నాయి? అమ్మకు ఆపరేషన్ అయింది, ప్రభువు ఆదుకున్నాడు, స్తోత్రం అంటాం. నిజమే, ఆదుకున్నది ఆయనే. అయితే మనం ఆసుపత్రి వరండాలో ఉన్న ఆ రోజుల్లో మన నైట్ డ్యూటీ ఎవరు చేశారు? సెలవు చీటీ పైఅధికారి దగ్గరికి తీసుకెళ్లి సంతకం పెట్టించింది ఎవరు? టిఫిన్ డబ్బా పట్టుకొచ్చి, తినేదాకా పక్కనే కూర్చున్నది ఎవరు? ఆ పేర్లు సాక్ష్యంలో వినబడవు. మనుషులను మెచ్చుకుంటే దేవుని మహిమ తగ్గుతుందేమోనని కొందరికి జంకు. పౌలుకు ఆ జంకు లేదు. ఫిలిప్పీయులను తలచుకున్నప్పుడల్లా దేవునికి కృతజ్ఞతలు చెబుతున్నానని రాసినవాడు, వాళ్లు పంపిన సహాయాన్ని అదే పత్రికలో వివరంగా గుర్తుచేసుకున్నాడు. ఇచ్చింది దేవుడు, తెచ్చింది ఎపఫ్రొదితు. ఇద్దరినీ తలచుకున్నాడు.

ఆ సాయం చేసినవారు మన సంఘంవారే కానక్కర్లేదు. ఖైదీగా ఓడలో వెళ్తున్న పౌలును సీదోనులో స్నేహితుల దగ్గరికి వెళ్లి పరిచర్య పొందనిచ్చింది యూలి అనే రోమా శతాధిపతి. ఓడ బద్దలై తడిసి ఒడ్డుకు చేరినవాళ్లకు ఆ వానలో, చలిలో మంట వేసి ఆదరించింది మెలితే ద్వీపవాసులు. వాళ్లు చూపిన దయ మామూలుది కాదని లూకా ప్రత్యేకంగా రాశాడు. మన పక్క సీటులో కూర్చునే సోదరుడి మతం వేరైనా, అతని చేత మనకు మేలు చేయించింది మన దేవుడేనని ఒప్పుకోవడానికి వెనకాడకూడదు.

కాబట్టి ఈ వారం ప్రార్థనలో సహోద్యోగులను పేరుపేరునా తలచుకుందాం. అక్కడితో ఆగక వాళ్ల దగ్గరికి వెళ్లి, ఏ రోజున ఏ సాయం చేశారో గుర్తుచేసి మరీ చెబుదాం. వీలైతే నలుగురిలో, పైఅధికారి ముందు చెబుదాం. రేపు వాళ్లింట్లో ఫోన్ మోగి, వాళ్లు కంగారుగా సీటులోంచి లేచినప్పుడు, అడిగేదాకా ఆగకుండా మనమే అనాలి: “మీరు బయల్దేరండి, ఇక్కడి పని నేను చూసుకుంటాను.”