పుట్టని బిడ్డ వాటా

2025 వానాకాలం సాగులో తెలంగాణ పల్లెల్లో సొసైటీ గోడౌన్ల ముందు రైతులు యూరియా కోసం తెల్లవారకముందే వరుస కట్టారు. నిలబడి నిలబడి కాళ్లు పీకితే, చెప్పులూ పట్టాదారు పాసు పుస్తకాలూ వరుసలో పెట్టి చెట్టు నీడన కూర్చున్నారు. పంపిణీ సరిగా లేదని అందరూ అన్నారు, నిజమే. అయితే ఆ వరుస కట్టింది ఒక రకంగా గ్యాసు కోసం కూడా. 45 కిలోల ఆ బస్తాలోని నత్రజని గాలిలోంచే వచ్చింది. దాన్ని పట్టి బంధించడానికి కావలసిన హైడ్రోజన్ మాత్రం సహజవాయువు నుంచి వచ్చింది. రామగుండంలో బొగ్గుతో నడిచిన పాత ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. 2021లో అక్కడే మొదలైన కొత్త కర్మాగారం, కాకినాడ వైపు మల్లవరం నుంచి వేసిన పైపులైను గ్యాసు మీద బతుకుతోంది.

గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చవచ్చని ఫ్రిట్జ్ హేబర్ 1909లో జర్మనీలో చేసి చూపించాడు. కార్ల్ బాష్ 1913కల్లా ఓపావ్‌లో దాన్ని కర్మాగారం స్థాయికి తెచ్చాడు. ఇవాళ ప్రపంచంలో సుమారు సగం మంది తిండి ఈ పద్ధతి మీదే నిలబడి ఉందని శాస్త్రజ్ఞుల అంచనా. 1950లో 250 కోట్లున్న మనుషులం 2022 నవంబరుకు 800 కోట్లమయ్యాం. జనం పెరిగారు కాబట్టి ఇంధనం తరిగిపోతోందని అంటుంటాం. ఇంధనం దొరికింది కాబట్టే ఇంతమంది బతికి బట్టకట్టారన్నది కూడా అంతే నిజం కదా? నా కండలో ఉన్న నత్రజనిలో కొంత ఏ గ్యాసు బావి పుణ్యమో. అలాంటప్పుడు ఇంధనం ఒకవైపు, మనిషి ఒకవైపు పెట్టి తూచడం ఎలా కుదురుతుంది?

ఇంకెన్నేళ్లు వస్తుంది అన్నది అందరూ అడిగే ప్రశ్న. 1980లో లెక్క కట్టినప్పుడు, తెలిసిన చమురు నిల్వలు అప్పటి వాడకానికి 30 ఏళ్లు వస్తాయని తేలింది. 40 ఏళ్లు తోడుకున్నాక మళ్లీ లెక్క కడితే 50 ఏళ్లకు వస్తాయని తేలింది. భూగర్భ శాస్త్రజ్ఞుడు కింగ్ హబ్బర్ట్ 1956లో చెప్పినట్టే అమెరికా చమురు ఉత్పత్తి 1970లో శిఖరానికి చేరి దిగింది. ఆ తర్వాత రాళ్ల పొరలను పగలగొట్టి తీసే పద్ధతులు వచ్చి, 2018లో ఆ శిఖరాన్నే దాటేసింది. దీన్ని చూసి భయపడేవాళ్లు ఎప్పుడూ తప్పేనని తేల్చేవాళ్లున్నారు. వాళ్లు ఒకసారి మన కృష్ణా గోదావరి బేసిన్ చరిత్ర చూడాలి.

2002లో కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలో, డీ6 అనే బ్లాకులో గ్యాసు దొరికింది. 2006లో దాని ముఖ్య క్షేత్రాల్లో 10 లక్షల కోట్ల ఘనపుటడుగులు తీయవచ్చన్నారు. 2009 ఏప్రిల్‌లో గ్యాసు వచ్చింది, ఏడాది తిరిగేసరికి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. ఆ తర్వాత తగ్గుతూ పోయింది. 2012లో ఆ 10 లక్షల కోట్ల అంచనా 3 లక్షల కోట్లకు పడిపోయింది. 2020 ఫిబ్రవరిలో ఆ క్షేత్రాలు ఆగిపోయాయి. పక్క క్షేత్రాల నుంచి తర్వాత మళ్లీ గ్యాసు వచ్చింది గానీ, మొదటి గ్యాసును నమ్ముకుని కట్టిన విద్యుత్ కేంద్రాలు ఏళ్లకేళ్లు ఖాళీగా ఉండిపోయాయి. సామర్లకోటలో 2,400 మెగావాట్ల కేంద్రానికి అసలు గ్యాసే అందలేదు. ఇలాంటి కేంద్రాల వెనుక బ్యాంకు అప్పులున్నాయి, ఆ అప్పుల వెనుక జనం దాచుకున్న డబ్బుంది. భూమి కింద ఏముందో తెలియక తప్పడం సహజమే. తెలియనిదాని మీద పందెం కాసినప్పుడు ఎవరి సొమ్ము ఒడ్డుతున్నామో మాత్రం మనకు తెలుసు.

ఒడ్డింది సొమ్మొక్కటే కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాసు బావి పేలి 65 రోజులు మండింది. కోనసీమ రాత్రులు ఆ మంట వెలుగులో, ఆ హోరులో గడిచాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడి నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. దేశానికి ఇంధన భద్రత కావాలి, కాదనను. ఆ భద్రతకు కాపలా పడుకున్నవాళ్లకు తాము కాపలా ఉన్నామని ఎవరైనా చెప్పారా?

అన్నింటికీ జనాభాయే కారణం అనే మాట వింటే నాకు మనసు కష్టంగా ఉంటుంది. అమెరికా పౌరుడు సగటున ఏడాదికి 20 బ్యారెళ్లకు పైగా చమురు వాడతాడు, భారతీయుడు ఒకటిన్నర బ్యారెల్ కూడా వాడడు. ఎక్కువైంది మనుషులా, ఒక్కో మనిషి ఆకలా? పైగా ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.7కు తగ్గారు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను 2024 నవంబరులో ఆ రాష్ట్రమే ఎత్తేసింది. ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. వద్దన్నప్పుడూ కనమన్నప్పుడూ లెక్క దేశం అవసరానిదే. పుట్టబోయే బిడ్డకు మనం ఏం మిగులుస్తామన్న మాట రెండుసార్లూ రాలేదు.

ఆ బిడ్డ వైపు నుంచి చూస్తే సూర్యుడికీ చమురుకూ ఉన్న తేడా కనిపిస్తుంది. నేను ఇవాళ కాల్చిన లీటరు ఆమెకు ఎప్పటికీ దక్కదు. ఇవాళ వాడుకున్న ఎండ ఆమె వాటాను రవ్వంత కూడా తగ్గించదు. ఓర్వకల్లు దగ్గర గని, శకునాల గ్రామాల్లో దాదాపు 6,000 ఎకరాల్లో 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017 నుంచి నడుస్తోంది. మిగులు కరెంటుతో నీటిని మళ్లీ పైకి తోడి, అవసరమైనప్పుడు వదిలే యంత్రాలు శ్రీశైలం ఎడమ గట్టున ఎప్పటినుంచో ఉన్నాయి. కాకినాడలో ఇలాంటి కరెంటుతో నీటిని విడగొట్టి అమ్మోనియా చేయడానికి సన్నాహాలు జరుగుతున్నాయి, దాని చూపు ముందుగా ఐరోపా మార్కెట్ మీద ఉంది. అయితే ఈ ఎండ కరెంటు కోసం గొర్రెలు మేసిన బీడు, కూలీలకు పని దొరికిన చేను అద్దాల పలకల కిందికి పోతున్నాయి. ఆ కాపరుల, కూలీల నష్టానికి విలువ కట్టకుండా దీన్ని స్వచ్ఛమైన ఇంధనం అనడానికి నాకు నోరు రాదు.

నార్వే తన చమురు ఆదాయం కోసం 1990లో ఒక నిధి ఏర్పాటు చేసింది. అసలు కదపకుండా, రాబడిగా వచ్చే మేరకే ఏటా వాడాలన్న నియమాన్ని 2001లో పెట్టుకుంది. అది చిన్న దేశం, ధనిక దేశం, మనతో పోలిక సరిపోదు. పైగా ఆ చమురు పొగ ప్రపంచమంతా పీలుస్తోంది. అయినా ఇంకా పుట్టనివాళ్లకు హక్కు ఉందని ఒక ప్రజాస్వామ్యం కాగితం మీద ఒప్పుకుంది. మన దగ్గర నేల మీద తీసిన చమురు, గ్యాసుల రాయల్టీ రాష్ట్రానికి, లోతు సముద్రంలో తీసినదాని రాయల్టీ కేంద్రానికి వెళ్తుంది. రాష్ట్రానికి వచ్చేదాంట్లో పదో వంతైనా ముట్టకుండా దాచాలని, కోనసీమలో 2060లో పుట్టే పిల్లల పేరున ఖాతా తెరవాలని అసెంబ్లీలో ఎవరైనా బిల్లు పెడితే, దానికి వ్యతిరేకంగా చెయ్యెత్తేవాళ్లు ఏ కారణం చెబుతారో వినాలని ఉంది.