తండ్రి లేని బిడ్డకు చదువు ఎవరు చెప్పాలి?

బిడ్డకు ధర్మజ్ఞానం నేర్పడం ఎవరి విధి? తండ్రిదేనని ఎవరైనా వెంటనే జవాబిస్తారు. తౌరాత్ ఆదేశం కూడా తండ్రినే ఉద్దేశించినది. మరి తండ్రి లేని బిడ్డ సంగతి ఏమిటి? తండ్రి ఉండి కూడా అతనికే చదువు రాకపోతే? యూద ధర్మపండితులకు ఈ ప్రశ్న దాదాపు రెండు వేల ఏళ్ళ క్రితమే ఎదురైంది.

గ్రంథవహుల చదువుతో మనకేం పని అని కొందరు అనవచ్చు. దైవప్రవక్త (స) ఆదేశం మేరకు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల లిపిని పదిహేను రోజుల్లోనే నేర్చుకున్నారని హదీసు గ్రంథాల్లో ఉంది. ఆ సందేహానికి ఇంతకన్నా సమాధానం అవసరం లేదు.

తల్మూద్‌లోని వృత్తాంతం ఇది. మొదట్లో తండ్రి ఉన్నవాడు తండ్రి దగ్గర చదువుకునేవాడు, లేనివాడు అలాగే మిగిలిపోయేవాడు. అందుకని జెరూసలేంలో బోధకులను నియమించారు. అక్కడికి కూడా తండ్రి వెంటబెట్టుకుని వెళ్ళినవాడే చేరగలిగాడు. తర్వాత ప్రతి జిల్లాలో బోధకులను పెట్టి, పదహారు పదిహేడేళ్ళ కుర్రవాళ్ళను చేర్చారు. గురువు కోప్పడితే ఆ వయసువాడు ఊరుకుంటాడా? ఎదురు తిరిగి వెళ్ళిపోయేవాడు. చివరకు యెహోషువ బెన్ గమ్లా అనే ప్రధాన యాజకుడు ప్రతి ఊళ్ళోనూ బోధకుడు ఉండాలని, ఆరేడేళ్ళ వయసులోనే పిల్లల్ని చేర్చాలని ఏర్పాటు చేశాడు. అది క్రీ.శ. మొదటి శతాబ్దం. 25 మందికి ఒక బోధకుడు, 50 మందికి ఇద్దరు, 40 మంది ఉంటే ఒక సహాయకుడు, అతని ఖర్చు ఊరిది. కొట్టక తప్పకపోతే చెప్పు తాడుతో మాత్రమే కొట్టాలన్నారు. (మన మక్తబుల్లో బెత్తం వదలని ఉస్తాదులు ఈ మాట వినాలి.)

12వ శతాబ్దంలో మూసా బిన్ మైమూన్ తన ధర్మశాస్త్ర గ్రంథంలో దీన్ని మరింత బిగించాడు. పిల్లలకు బోధకుడు లేని పట్టణ ప్రజలను, బోధకుణ్ణి నియమించే వరకూ వెలివేయాలన్నాడు. గమనించండి, శిక్ష తండ్రికి కాదు, ఊరికి.

అయితే ఆ ఊరి బడిలో ఆడపిల్ల లేదు. తూర్పు యూరప్ ‘హేదర్’లో అబ్బాయి హీబ్రూ అక్షరాలు దిద్ది, తౌరాత్ వాక్యాలకు మాట వెంట మాటగా ఇడ్డిష్‌లో అర్థం చెప్పుకుంటూ చదివేవాడు. అతని అక్క ప్రభుత్వ పాఠశాలలో పోలిష్ సాహిత్యం చదివి, ఇంటి ధర్మాన్ని పాతబడిన వస్తువులా చూసేది. 1917లో క్రాకో నగరంలో సారా షెనీరెర్ అనే కుట్టుపని చేసుకునే మహిళ ఆడపిల్లల కోసం బడి తెరిచింది. అదే ‘బైస్ యాకోవ్’ పాఠశాలలకు నాంది. తండ్రి లేని బిడ్డ కోసం అంతగా తపించినవారికి, తండ్రి ఉన్న ఆడబిడ్డ ఇన్ని శతాబ్దాలూ ఎందుకు కనిపించలేదో!

అమెరికాలో ఈ ప్రశ్న మరో రూపం దాల్చింది. 1838లో ఫిలడెల్ఫియాలో రెబెకా గ్రాట్జ్ ఆదివారం బడి ప్రారంభించింది. బోధించేది జీతం తీసుకోని మహిళలు, బోధన ఇంగ్లీషులో, రుసుము లేదు. తలుపు అందరికీ తెరుచుకుంది కానీ వారానికి ఒక్క పూటతో హీబ్రూ వస్తుందా? హీబ్రూనూ తౌరాత్‌నూ రోజూ బోధించే పూర్తికాలపు యూద పాఠశాలలు నేడు అక్కడ ఉన్నాయి. వాటిలో అనేకం ఏడాదికి 20,000 డాలర్లకు పైగా రుసుము తీసుకుంటాయి. మొదటి బడిలో భాష తగ్గింది, రెండవ దానిలో పేదవాడు తగ్గాడు.

వెసులుబాటు కోసం భాషను తగ్గించుకోవడం మాకు సమ్మతం కాదు. తన గ్రంథాన్ని తాను చదవలేని బిడ్డ జీవితాంతం మరొకరి నోటి మీద ఆధారపడతాడు, ఆ మరొకరు ఏం చెబితే అదే ధర్మమవుతుంది. కాబట్టి తగ్గవలసింది రుసుమే, దాన్ని భరించవలసింది సమాజమే. రాయితీలు లేవని కాదు. వాటి కోసం తండ్రి తన ఆదాయపత్రాలు పట్టుకుని కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. ఇబ్నె మైమూన్ అయితే ఆ తండ్రి పత్రాలు అడగడానికి ముందు పట్టణం లెక్కలు అడిగి ఉండేవాడు.