గడులు అడుగు ప్రశ్నలు

గృహస్థుడైన పాఠకునకు తన పుస్తకములు ఎచ్చట నున్నవో తెలిసికొనుటకు పట్టిక యక్కఱలేదు. ఏ బీరువాలో, ఏ యరలో, అట్ట ఊడిన యే పుస్తకము ప్రక్కన ఏది యొదిగియున్నదో అతని చేతికే తెలియును. దీపము పోయిన వేళ సైతము ఆ చేయి తడబడదు. అయినను, ఇంటింట కంప్యూటరు వెలసిన పిమ్మట, ఉద్యోగవిరమణానంతరము తీరిక చిక్కిన పుస్తకప్రియులు పలువురు తమ గ్రంథసంచయమును ఏదో యొక ప్రోగ్రాములోని కెక్కించుటను నోమువలె పట్టియున్నారు. నేనును ఆ గుంపులోని వాడనే. ఇది గుమాస్తా పని యని తలచి యారంభించినవాడు కొలది దినములలోనే గ్రహించు విషయ మొకటి కలదు. శీర్షిక, గ్రంథకర్త, ప్రకాశకులు, సంవత్సరము, పుటలు, వెల అని తెరపై బారులుతీరి నిలిచియుండు ఆ గడులు ఏమియు నెఱుగని గడులు కావు. పుస్తకమనగా నేమి, దానిని గూర్చి తెలిసికొనదగిన దేమి యను ప్రశ్నకు ఎవ్వరో దూరదేశమున గూర్చుండి మనకంటె ముందుగా ఆలోచించి చెప్పిన సమాధానము వానియందు ఇమిడియున్నది. మనము వానిని నింపునంతసేపును ఆ సమాధానమునకు తలయూపుచుందుము, లేదా దానితో వాదించుచుందుము.

క్రొత్త పుస్తకములతో వాదమునకు తావులేదు. వెనుక అట్టపై నున్న బార్‌కోడును ఫోనునకు చూపినంతనే కర్త పేరు, ప్రకాశకుల పేరు, పుటల సంఖ్య, ముఖపత్రచిత్రము సైతము ఱెప్పపాటులో వచ్చి గడులలో కూర్చుండును. ఆ బార్‌కోడు క్రింది సంఖ్య కొక పుట్టుక కలదు. 1960ల నడుమ ఇంగ్లండులో డబ్ల్యు. హెచ్. స్మిత్ అను పుస్తకవ్యాపార సంస్థ తన గిడ్డంగి లెక్కలను కంప్యూటరు కప్పగింపదలచినప్పుడు గార్డన్ ఫాస్టర్ అను ఆచార్యుడు తొమ్మిదంకెల పద్ధతి నొకదానిని రచించి యిచ్చెను. అదియే పదియంకెలై 1970లో అంతర్జాతీయ ప్రమాణమయ్యెను. 2007 జనవరి నుండి పదుమూడంకెలయ్యెను. భారతదేశమునకు 81, 93 అను గుర్తులు లభించినవి. తుది యంకె యందు నొక చమత్కారము కలదు. మొదటి పండ్రెండంకెలను వరుసగా ఒకటిచేతను మూడుచేతను మార్చి మార్చి గుణించి, వచ్చిన లబ్ధముల మొత్తమునకు ఆ తుది యంకెను చేర్చినచో పదిచే నిశ్శేషముగా భాగింపబడవలెను; కావున వ్రాతలో ఒక యంకె తప్పినను యంత్రము పట్టుకొనును. గణితజ్ఞుని నిజాయితీ గల యీ యేర్పాటును మెచ్చకుండ నుండలేను. కాని ఇది గిడ్డంగిలో పుట్టిన ప్రశ్న యనునదియు మఱువరాదు. ఈ సరకు ఏది, ఏ పెట్టెనుండి వచ్చినది, మరల తెప్పింపవలసిన దేది యని యడుగుటకే అది పుట్టినది. అంతకు మించి అది యడుగదు.

పాత తెలుగు పుస్తకములు చేతికి వచ్చినప్పుడు పని నెమ్మదించును, రసము పుట్టును. వానికి సంఖ్య లేదు. అనేకముల ముఖపత్రముపై క్రీస్తుశకమును లేదు. సంవత్సరము పేరు మాత్రమే యుండును. నాయొద్ద నున్న యొక పలుచని శతకవ్యాఖ్యానముపై 'సాధారణ నామ సంవత్సరము' అనియు, 'వెల పండ్రెండణాలు' అనియు నున్నది. సంవత్సరపు గడి నాలుగంకెలను గాని యొల్లదు. సాధారణ మఱువదియేండ్ల కొకమాఱు వచ్చును; 1850లో వచ్చినది, 1910లో వచ్చినది, 1970లో వచ్చినది. మన దేశమున అణాలకు బదులు నయాపైసలు వచ్చినది 1957 ఏప్రిల్ మొదటి తేదీన గనుక 1970 పోయినది. కాగితపు తీరును అచ్చక్షరముల పోతయు 1850 నాటివి కావు. మిగిలినది 1910. ఈ యనుమానప్రమాణము నంతయు పూర్తిచేసి ఆ నాలుగంకెలను గడిలో పెట్టినప్పుడు, అంతవఱకు నిర్లక్ష్యముగా పడియున్న ఆ శతకము ఒక కాలమున నొక వీథిలో పండ్రెండణాలకు అమ్ముడుపోయిన వస్తువై నా యెదుట నిలిచినది. గడి కోరిన దొక సంఖ్య. ఆ సంఖ్యకై వెదకుచు బోవగా నాకు లభించినది పుస్తకమే. యంత్రమును నిందించువారు ఈ లాభమును లెక్కకు తీసికొనరు.

పేర్ల సంగతి వేఱు. పాశ్చాత్యులకు వంశనామము తుదను వచ్చును. కావున ప్రోగ్రాము పేరులోని తుదిమాటను పట్టి ముందునకు లాగి, కామా పెట్టి, అకారాది క్రమమున నిలుపును. మన యింటిపేరు మొదటనే యున్నదని దానికి తెలియదు. అందుచే విశ్వనాథవారు సత్యనారాయణలలో చేరిపోవుదురు. ఆ పేరు గల వారందఱును, వంశము వేఱైనను, ఒకే పంక్తిలో భోజనమునకు కూర్చుందురు. ఈ తిరుగవేతను మాన్పుటకు అమరికలలో వెసులుబాటు కలదు గాని, దానితో చిక్కు తీరదు. 'చెళ్లపిళ్ల' అని యొక ప్రకాశకుడు, 'చెళ్ళపిళ్ళ' అని మఱియొకడు అచ్చొత్తించెను; మన కంటికి రెండును నొకటియే, యంత్రమునకు వేఱువేఱు సంకేతముల మాలలు. 'వెంకట', 'వేంకట' యనువానికిని, 'ఎఱ్ఱన', 'ఎర్రన' యనువానికిని నిదే గతి. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునందే తెలుగు లిపికి చోటు దొరకినది. ప్రతి యక్షరమునకును నొక సంఖ్య కలదు. కాని యొకే మనుజుడు రెండు వర్ణక్రమములలో జీవింపవచ్చునని ఏ సంఖ్యయు చెప్పజాలదు. ఇక తిరుపతి వేంకటకవులు ఒకరా, ఇద్దఱా? దివాకర్ల తిరుపతిశాస్త్రిని, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిని వేఱుచేసి వ్రాసినచో జంటపేరుతోనే వ్రాయుదుమను వారి ప్రతిజ్ఞకు భంగము. కలిపి వ్రాసినచో వేంకటశాస్త్రిగారు ఒంటరిగా వ్రాసిన గ్రంథములు అనాథలగును. ఆంధ్రమహాభారతమునకు కర్తలు మువ్వురు, వారి నడుమ శతాబ్దములు. ఈ తలనొప్పి క్రొత్తది కాదు. బ్రిటిష్ మ్యూజియము గ్రంథపాలకుడు పనిట్సి 1841లో తొంబదియొక్క నియమములను ప్రకటించినప్పుడు వానిలో పెక్కింటికి కర్తనామ నిర్ణయమే విషయము. నేను మాత్రము వ్యాకరణము కంటె మర్యాదను ప్రమాణముగా గైకొంటిని: ఏ పేరుతో తమ్ము లోకము పిలువవలెనని కవి కోరెనో ఆ పేరే మొదటి గడికి, తక్కినవన్నియు రెండవ గడికి. శ్రీశ్రీని శ్రీరంగం శ్రీనివాసరావుగా వెదకబోవువాడు శ్రీశ్రీని ఎఱుగనివాడు.

అన్నిటికంటె నన్ను ఎక్కువ సేపు నిలిపినది లేని గడి. మన ప్రాచీనకావ్యములలో ఆశ్వాసాంతమున గద్య యొకటి యుండును. అందు కవి తన తండ్రి పేరును, తన బిరుదమును, కావ్యము పేరును, ఇది యెన్నవ యాశ్వాసమనియు చెప్పును. అచ్చుపుస్తకమునకు ముఖపత్రము చేయు పనిని తాటియాకులపై ఆ గద్య చేసినది. కట్ట త్రాడు తెగి యాకులు చెల్లాచెదరైనను ఏ యాకు ఏ గ్రంథమునకు చెందినదో గుర్తుపట్టుటకు సాయపడినది. అనగా మన కవులు తమ పట్టికను తామే వ్రాసికొనిరి, అదియు కావ్యము లోపలనే. వారి గడులు వేఱు. వెల లేదు, పుటలు లేవు. ఎవ్వని కుమారుడు, ఎవ్వని శిష్యుడు, అన్నిటికి మించి అవతారికయం దెవ్వనికి కృతి. కృతిభర్త లేనిదే కావ్యము పుట్టినట్లు కాదు. నా ప్రోగ్రామునకు ప్రకాశకుడు తెలియును, సంపాదకుడు తెలియును, అనువాదకుడును తెలియును, కృతిభర్త తెలియడు.

మన యిచ్చ వచ్చిన గడిని చేర్చుకొను సౌకర్య ముండుటచేత ఆ గడిని చేర్చితిని. ఊరక కుతూహలముతో చేర్చినది, దాని ననుసరించి పుస్తకముల వరుస మార్చి చూచినప్పుడు సాహిత్యచరిత్రనే క్రొత్త వెలుగులో చూపినది. నిర్వచనోత్తర రామాయణమును మనుమసిద్ధి కిచ్చిన తిక్కన భారతమును హరిహరనాథునకే యిచ్చెను. రాజునుండి దైవమునకు నడచిన యా దూరము రెండు పంక్తులలో కనబడినది. శ్రీనాథుని భీమఖండము బెండపూడి అన్నయమంత్రికి, కాశీఖండము వీరభద్రారెడ్డికి. పెద్దన మనుచరిత్ర కృష్ణరాయలకు. అటుపిమ్మట జమీందారులు, దివానులు. ఇరువదవ శతాబ్దికి వచ్చునప్పటికి తల్లులు, భార్యలు, గతించిన మిత్రులు. కొన్నింట నెవ్వరును లేరు. ఈ వరుసను ఏ విమర్శకుడైనను చెప్పవచ్చును గాని, నా బీరువాలోని పుస్తకములే తమంతట తాము అట్లు సర్దుకొని నిలిచినప్పుడు కలుగు నమ్మకము వేఱు. యంత్రము బుద్ధిమంతమైనదని నే ననను. అడిగినదానిని విసుగులేక వేయివిధముల మార్చి చూపునది మాత్రమే. అడుగవలసినది మనము.

విషయవిభజన గూర్చి పండితులు వివాదపడిన కాలము నాకు తెలియును. మెల్విల్ డ్యూయీ 1876లో విద్యాప్రపంచము నంతను పది భాగములు చేసి, ఆంగ్ల సాహిత్యమునకు 820 మొదలు పది సంఖ్యలను ధారాళముగా నిచ్చెను. ఆ పద్ధతిలో మన సాహిత్యమునకు దక్కినది 894.827, అన్య సాహిత్యముల వాడలో, ద్రావిడభాషల సందులో, దశాంశబిందువు దాటిన పిమ్మట నన్నయ నివాసము. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడై 1924లో పని కెక్కిన గణితోపాధ్యాయుడు ఎస్. ఆర్. రంగనాథన్ ఈ యొకే నిచ్చెన పద్ధతిని కాదని, పుస్తకము నొక్క మెట్టుపై నిలుపక అనేక ముఖములనుండి చూడవలెనని 1933లో కోలన్ వర్గీకరణమును ప్రకటించెను. ఆయన సంకేతములు జటిలములు. ఇంట వాడదగినవి కావు. కాని గృహ ప్రోగ్రాములలో నేడు ఒక్కొక్క పుస్తకమునకు ఎన్ని చీటీలైన నంటింపగలుగు సౌలభ్యము రంగనాథన్ తలచిన త్రోవలోనిదే. ఆముక్తమాల్యద కావ్యమా, వైష్ణవగ్రంథమా, రాజనీతియా? ఒకప్పుడు అరలో దాని కొకటే చోటు. తేల్చుకొనక తప్పెడిది కాదు. ఇప్పుడు మూడును అనవచ్చును. అనుచున్నాను కూడ, అయినను చీటీలు పెరిగినకొలది ప్రతి పుస్తకమును ప్రతి విషయమునకు చెందినదై, వెదకినచో సగము బీరువా బయటపడుచున్నది. తేల్చుకొనవలసిన బాధ తొలగినప్పుడు ఆలోచనయు కొంత తొలగినదని నా యనుమానము. అందుచే ఒక్కొక్క పుస్తకమునకు మూడింటికి మించి చీటీ లీయనని కట్టడి చేసికొంటిని.

కొన్ని గడులను నేను తాకను. ఐదు నక్షత్రములలో ఈ కావ్యమునకు ఎన్ని యని యొక గడి యడుగును. నక్షత్రముల లెక్క జ్యోతిష్కులకు విడిచితిని. 'చదివితిరా' అని మఱియొకటి. అవుననియో కాదనియో చెప్పవలెను. భారతమును చదివితినని చెప్పుటకు నోరు రాదు, చదువలేదనుట యబద్ధము. ఎవరికి ఎరువిచ్చితిరను గడి మాత్రము మిక్కిలి యుపయోగకరము. పరహస్తగతమైన పుస్తకమును గూర్చి పూర్వులు ఆశ వదలుకొని చెప్పినదానిని ఆ గడి కొంతవఱకు అబద్ధము చేసినది. బంధువులకు మాత్రము దాని యునికి తెలియనీయరాదు.

నా బీరువాలో తెలుగు లిపిలో అచ్చైన సంస్కృత గ్రంథములు మెండు. భాష యను గడిలో సంస్కృతమని వ్రాయగా, ఆ పట్టికను చూచిన మనుమడు, అమెరికాలో పెరుగుచున్నవాడు, అవి నాగరిలో నున్నవనుకొనెను. లిపికి గడి లేదు, అదియు చేర్చితిని. ఆ పిల్లవానికి తెలుగు వినవచ్చును, మాటాడవచ్చును, చదువ రాదు. కావున శీర్షికలను రోమను లిపిలో వ్రాయుట కింకొక గడి. పుస్తకము చదువలేనివానికి పట్టిక చదువగలుగుటవలన ప్రయోజనమేమని నా మిత్రుడొకడు వాదించెను. ప్రయోజనము కలదు. పుస్తకములు ఏదో యొకనాడు చేతులు మాఱవలసినవి. అప్పుడు నా చేతికి తెలిసిన తావులు నాతోనే పోవును. రాజమహేంద్రవరమునందలి గౌతమీ గ్రంథాలయము వాసురాయ, రత్నకవి గ్రంథాలయముల కలయికవలన నేర్పడినది. ఇద్దఱు కవుల పేర నున్న సంచయములు ఊరివారి సొత్తైనవి. అట్లు పంచిపెట్టువాడు పుస్తకము లోపల చదువనక్కఱలేదు. ఏది యెవ్వరిదో తెలిసిన చాలును.

అందుచే పట్టిక తుద నొక గడి పెట్టి 'ఎవరికి' అని పేరిడితిని. వారమున కొక యర చొప్పున నింపుచున్నాను. సోవియటు కాలపు తెలుగు అనువాదములు, ఆ మాస్కో ముద్రణల నునుపు కాగితమును ఇప్పటికిని వాసన చూచు నా పొరుగు మిత్రునకు. శతకములు, అందు 1910 నాటి సాధారణయు, వేటపాలెము సారస్వత నికేతనమునకు, వారు పుచ్చుకొందురేని. బాలసాహిత్యము మా యూరి బడికి. రెండు నవలలపై ఇద్దఱు మేనకోడండ్రకు నొకే పట్టుదల యుండుటచే ఆ పంక్తుల యెదుట నింకను ప్రశ్నార్థకమే యున్నది. నిఘంటువుల యరకు వచ్చి ఆగితిని. వాని యెదుట ఎవరి పేరును వ్రాయలేదు. అవి నాకింకను కావలెను.